నలభై వేల కానుక

కరీంనగర్,
9 జూన్ 2024, ఆదివారం

తిమోతి అన్నకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో చెప్తే నీకు సగమే వినబడుతుంది. మిగతా సగం జమున వదిన నీ చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఈసారి మాట వదిన గురించే. ఆమె జబ్బు సంగతి ఆమెతోనే అరిపించడం నాకు బాగా అనిపించలేదు. ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గుబాయిలో మందు పేల్చి చెవులు పోగొట్టుకున్నావు గానీ, కళ్లు బాగానే ఉన్నాయి కదా. చదువు.

నేను వచ్చి వెంటబెట్టుకొచ్చాక, శుక్రవారం వదినను ఇక్కడి ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించాను. ఆయన ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకు పట్టి చూసి, "ఇల్లెక్కడమ్మా?" అని అడిగాడు.

"బెల్లంపల్లి సార్."

"ఇంటి ముందు ఏముంది?"

"రోడ్డు సార్. బొగ్గు లారీలు పోతయి."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "మందు రాస్తా. ఆ దుమ్ములో ఉన్నన్నాళ్లు మందుకు చేతనయ్యేది తక్కువే. చలికాలం లోపు ఇల్లు మారండి. తర్వాత మారినా పోయిన ఊపిరి తిరిగి రాదు" అన్నాడు.

ఆటోలో వదిన నా చెయ్యి పట్టుకుంది. "మీ అన్నకు చెప్పకు హెప్సీ. ఇల్లు అమ్ముమంటె ఆయన మొఖం ఎట్లయితదో నాకు ఎరుకే" అంది. నేను మాట ఇవ్వలేదు, అందుకే చెప్తున్నాను.

మంథని సాంబయ్య పన్నెండేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చి అత్తగారి ఊళ్లో ఇల్లు వెతుక్కుంటున్నాడని, మీ ఇంటికి ఇరవై ఆరు లక్షలు ఇస్తానన్నాడని వదిన చెప్పింది. ఇచ్చెయ్యి అన్నా. మా వెనక పోర్షన్ మార్చి నుంచి ఖాళీగా ఉంది. వచ్చి ఉండండి. తర్వాత ఇక్కడే నిదానంగా ఏదన్నా చూసుకోవచ్చు. ప్రతిదాన్నీ పదిసార్లు తిరగేసి చూడడం నా జబ్బు. నీకు అది లేదు. ఈ ఒక్కసారికి దాన్ని నా దగ్గర అప్పు అడగకు.

నీ చెల్లెలు,
హెప్సిబా

•

బెల్లంపల్లి, మిషన్ లైన్
16 జూన్ 2024

చెల్లె హెప్సిబాకు తిమోతి రాసేది,

ఉత్తరం అందింది. రెండుసార్లు సదివిన. డాక్టర్ మాట మంచిదే. డాక్టర్లు అందరికీ గట్లనే చెప్తరు. ఇల్లు మారుమనుటానికి వాళ్లకేం పోతది.

ఇరవై ఆరు అని రాసినవు. గా సాంబయ్య నా గడపల నిలవడి గదే మాట అన్నడు. నాకు సరిగ వినబడలే అనుకొని ఇంకోసారి చెప్పుమన్న. మల్ల ఇరవై ఆరే అన్నడు. అప్పుడు నవ్వొచ్చింది.

నీకు తెల్వది కావచ్చు, చెప్త విను. మన సంఘంల ఇల్లు గాని జాగ గాని అమ్మినోళ్లు లక్షకు వెయ్యి లెక్కన కృతజ్ఞత కానుక ఇస్తరు. కోశాధికారిని నేనే గదా, ఆదివారం ఆరాధనల పేరు పేరున నేనే సదువుత. నా గొంతు నాకు వినబడది, అందుకే గట్టిగ సదువుతనని పోరగాండ్లు నవ్వుతరు. నవ్వనీ. పోయిన ఫిబ్రవరిల దేవదాస్ ఇల్లు అమ్మి కరీంనగర్‌కు కొడుకు కాడికి పోయిండు. ఆయన కానుక నలభై వేలు. నేనే సదివిన. నలభై వేలంటె నలభై లక్షలు. ఆయన ఇంటికీ నా ఇంటికీ నడిమిట్ల రెండే ఇండ్లు. నాది రెండు గజాలు పెద్దది, బోరు గూడ ఉన్నది. దేవుని ముంగట సదివిన లెక్క ఇడిసిపెట్టి దుబాయోని మాట వట్టుకోవాల్నా?

బాయిలు మూతవడ్తున్నయి, ధర పడిపోతదని నువ్వు అనుకుంటున్నవు. నేను పుట్టినకాడి నుంచి ఇంటున్న బాయిలు మూతవడ్తున్నయని. ఇండ్ల ధర తగ్గుడు ఒక్కనాడు సూడలే. బాయి పోతె కాలేజి వస్తది, కాలేజి పోతె ఇంకోటి వస్తది. మనుషులు ఎక్కడన్నొక్క కాడ ఉండాలె గదా. నేను 2009ల ఏడు లక్షలకు కొన్న, అప్పుడు అందరు పిచ్చోడన్నరు.

ఇంకో మాట. నీ వెనక పోర్షన్ మార్చి నుంచి ఖాళీ. పోయిన క్రిస్మస్‌కు సుధాకర్ బావ మీ ఇల్లు అమ్ముత అని మా అందరి ముంగట అన్నడు. ఇప్పుడు నా ఇల్లు అమ్మిపిచ్చి నీ పోర్షన్ నాకే అంటగడ్తవా? అడుగుతున్న అంతే.

జమునను అడిగిన. ఇక్కడనే ఉంట అన్నది.

తిమోతి

•

కరీంనగర్,
24 జూన్ 2024

అన్నా,

"జమునను అడిగిన" అని రాశావు. ఎలా అడిగావో ఇక్కడి నుంచే నాకు కనబడుతోంది. కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకుని, "నువ్వు పోతవా ఏంది?" అని ఉంటావు. దానికి ఎవరైనా ఇంకేం చెప్తారు.

నీ నలభై గురించి. రాయకుండా ఉండాలనుకున్నాను, చేతకాలేదు. మిషన్ లైన్‌లో పద్నాలుగు ఇళ్లున్నాయి. ఐదేళ్లలో అమ్ముడుపోయింది ఒక్క దేవదాస్ మామ ఇల్లు. తాళాలు పడ్డవి నాలుగు. ఆ నాలుగిళ్ల వాళ్లు అమ్మాలని చూసి, కావలసిన రేటు రాక, తాళం వేసి పోయారు. ఆ ఇళ్ల ధర ఎంత అని అడిగితే ఎవరూ చెప్పలేరు. అమ్మలేదు కాబట్టి వాటికి ధర లేదు. ధర లేదు కాబట్టి తగ్గనూ లేదు. అలా మీ లైన్‌లో ధర ఎప్పటికీ తగ్గదు. తక్కువకు ఇవ్వాల్సి వచ్చినవాడు ఇవ్వడు, ఇవ్వనివాడు లెక్కలోకి రాడు. మిగిలిన ఒక్కడి లెక్కను నువ్వు ఆదివారం గట్టిగా చదువుతావు. నేను ఇరవై ఏళ్లుగా ఎకనామిక్స్ చెప్తున్నాను, ఇంత గట్టి ఏర్పాటు ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఆ నలభై అయినా ఎవరు చూశారు? దేవదాస్ మామ కాగితాలు నువ్వు చూశావా?

వెనక పోర్షన్ సంగతి. నీకు అంటగట్టాలని నేను అనుకోలేదు. ఇది రాసి పెన్ను ఆపి, నిజంగా అనుకోలేదా అని నన్ను నేను అడిగాను. ఎక్కడో ఒక మూల అనుకున్నానేమో, చెప్పలేను. కానీ వదిన ఫిల్మ్ చూసినప్పుడు మాత్రం ఇల్లు, పోర్షన్ ఏవీ నాకు గుర్తు లేవు. సుధాకర్ అమ్ముతానన్నది బ్యాంకు కిస్తీ మీద కోపంతో అన్న మాట. అయినా మా కాలనీని మీ లైన్‌తో పోల్చకు. ఇక్కడ ఆస్పత్రులున్నాయి, కాలేజీలున్నాయి, నాలుగు జిల్లాల జనం వస్తారు. ఇక్కడ తగ్గదు.

సాంబయ్య ఎన్నాళ్లు ఆగుతాడు? చలికాలం ఎన్నాళ్లు ఆగుతుంది?

హెప్సిబా

•

బెల్లంపల్లి
3 జూలై 2024

హెప్సిబాకు,

"మా కాలనీ వేరు" అని నువ్వే రాసినవు. మా లైన్ గూడ వేరే. ఎవని గల్లీ వానికి వేరే. గీ ఒక్క ముక్క నేర్సుకుంటందుకు కాకతీయ యూనివర్సిటీ దాక పోవాల్నా?

నీ ఉత్తరం సదివినంక ఒకటి తెల్సింది. నా ఇంటి ధర గురించి నీకు అన్నీ తెల్సు, నీ ఇంటి ధర గురించి ఏం తెల్వది. ఏడాది సంది బావ బ్రోకర్లను తిప్పుతుండు, ఒక్కడన్న వచ్చిండా? పుస్తకాలల్ల ధర సదివినోళ్లు ముందుగాల సొంతది అమ్మి సూపియ్యాలె.

సాంబయ్య మల్ల వచ్చిండు. బండి దిగకుంటనే అడిగిండు.

"అన్నా, ఇరవై ఆరున్నర. ఆఖరు మాట."

"నలభై" అన్న.

"నలభైకి మంచిర్యాల్ల మేడ వస్తది."

"అయితె మంచిర్యాలకు పో."

"బోరు ఎండిందట గదనే మీది" అన్నడు. జమున దిక్కు సూసిన. ఆమె ఎటో సూస్తున్నది. నా ఇంటి గుట్టు నా ఇంట్ల మనిషే బయటవెట్టింది. నువ్వు నేర్పినవో ఆమెకే పుట్టిందో తెల్వది.

లైన్ చివర పరశురాములు సుత తన ఇల్లు అమ్మకానికి వెట్టిండు. ఎంత చెప్పిండో తెల్సా? నలభై రెండు. ఆయనేం పిచ్చోడా? నీకు ధర కాగితాలు గావాలె. మాకు మనుషులు సాలు.

మనను కన్న అవ్వ సచ్చినప్పుడు పరీక్షల డ్యూటీ అని మూడోనాడు వచ్చినవు. అప్పుడు అవ్వ ఊపిరి గురించి ఇంత పరేషాన్ లేకుండె. ఇప్పుడు జమున ఊపిరి నీకు యాదికొచ్చింది. ఆమె బాగనే ఉన్నది. తడిబట్ట కిటికీకి కట్టుకుంటున్నది, దుమ్ము తక్కువనే వస్తున్నది.

ఇగ గీ సంగతి రాయకు.

తిమోతి

•

కరీంనగర్,
29 జూలై 2024

అన్నా,

రాయకు అన్నావు. రాయకుండా ఉండడానికి మూడు వారాలు ప్రయత్నించాను. అవ్వ మాట ఎత్తావు. అది నన్ను ఇంకా కోస్తూనే ఉంది, నువ్వు మళ్లీ కోయనక్కర్లేదు. దాన్ని అక్కడే వదిలి అసలు సంగతి రాస్తాను.

శనివారం ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించడానికి బస్టాండ్ వెనక షాపుకు పోయాను. గల్లా దగ్గర కూర్చున్నది దేవదాస్ మామ. షాపు వాళ్ల అబ్బాయిదట. నన్ను చూసి లేచాడు, స్టూలు వేశాడు, టీ చెప్పాడు. క్షేమసమాచారాలు అయ్యాక ఊరికే అన్నాను, "మామా, ఇల్లు నలభైకి అమ్మినవట గదా, మంచి రేటే వచ్చింది."

ఆయన మిషన్ మీద మూత తీసి, మళ్లీ వేశాడు.

"ఎవలు చెప్పిండ్లు బిడ్డా?"

"మా అన్న."

"తిమోతి చెప్పిండా?" అని నా మొహంలోకి చూశాడు. నేను నవ్వులాటకు అనడం లేదని తెలిసినట్టుంది. "తిమోతే చెప్పిండా? గిది మంచిగున్నది."

తర్వాత చెప్పిన మాటలు ఆయన నోటి మాటలుగానే రాస్తాను. నేను కల్పించానని నువ్వు అనకుండా.

"ఇరవై రెండుకు అమ్మిన. ఇరవై రెండు వేలు కవర్ల వెట్టి శనివారం మీ అన్న చేతికిచ్చిన. ఆయన తీసి లెక్కవెట్టి, మల్ల కవర్ల వెట్టి నా చేతులనే వెట్టిండు. 'దేవదాసూ, రేపు నేను గిది సదివితె మేమందరం మునుగుతం. నువ్వు పోతున్నవు, మేం ఉంటున్నం' అన్నడు. జరసేపు కూసోమన్నడు. పోయి ఐదుగురిని తోలుకొచ్చిండు. ఆయనతోటి ఆరుగురు. తలా మూడు వేలు ఏసిండ్లు. ఇరవై రెండుకు పద్దెనిమిది కలిస్తె నలభై. ఆదివారం సదివిండు."

"నువ్వు వద్దనలేదా మామా?"

"దేవునికి పోయే పైసలు, ఎట్ల వద్దంటం?" అన్నాడు. "ఉన్న మాట చెప్త బిడ్డా. వాళ్లందరు నాకు చెయ్యి కలుపుతుంటె నలభైకి అమ్మినట్టే అనిపిచ్చింది. ఇంటికొచ్చి మా ఆమెకు సుత నలభై అనే చెప్పబోయిన. ఆమె సంతకం పెట్టింది గాబట్టి ఊకున్న."

జిరాక్స్ తీసుకోకుండానే వచ్చేశాను.

అన్నా, నువ్వు అబద్ధమాడావన్నది కాదు నన్ను తొలుస్తున్నది. అబద్ధాలు నేనూ ఆడతాను. ఆ నలభై ఎలా తయారైందో ఊళ్లో అందరికన్నా నీకే బాగా తెలుసు. చేసింది నువ్వు. చేసినవాడివే దాన్ని నమ్మి, ఇరవై ఆరున్నరతో గడపలోకి వచ్చిన మనిషిని మంచిర్యాలకు పొమ్మన్నావు. "దేవుని ముంగట సదివిన లెక్క" అని నాకు రాసేటప్పుడు నీ చెయ్యి ఆగలేదా? ఆగిందా, ఆగి మళ్లీ రాసిందా? ఆ ఒక్కటి చెప్పు చాలు.

ఆ రాత్రి కోపం పట్టలేక వదినకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చెప్పడం తప్పేమోనని పెట్టేశాక తోచింది. అంతా విని అడిగింది, "గిది ఫిబ్రవరిలనేనా?"

"ఫిబ్రవరిలోనే వదినా."

"ఫిబ్రవరిలనే పీల్చే మందు వచ్చే నెల తెస్త, ఈ నెల చెయ్యి ఆడ్తలేదు అన్నడు" అంది. గొంతులో కోపం ఏమీ లేదు. తేదీ సరిచూసుకున్నట్టు అడిగింది, అంతే.

ఇక నీ ఇష్టం.

హెప్సిబా

•

బెల్లంపల్లి
6 ఆగస్టు 2024

హెప్సిబా,

నీ ఫోన్ పని చేసింది. సంతోషమా? జమున సోమారం పొద్దుగాల సంచి సదురుకొని బస్సెక్కి నీ కాడికొచ్చింది. నాకు చెప్పే పోయింది. నేను అటు తిరిగి గడ్డం గీసుకుంటున్న, వినబడలే. తిరిగి సూసే వరకు తలుపు తీసి ఉన్నది. ముప్పై ఏండ్లల ఆమె ఒక్కతి బస్సెక్కుడు గిదే మొదలు.

దేవదాస్ నోరు మంచిది కాదు. ఆరుగురం కలిసి చేసినం, నేనొక్కన్ని కాదు. అబద్ధం అంటవు. ఆయన ఇల్లు నలభై చేసే ఇల్లే. కొడుకు షాపు కోసం తొందరపడి సగానికి ఇడిసిండు. ఒకడు తొందరపడ్డ లెక్కను పట్టుకొని పదమూడు ఇండ్లు ఖరాబు గావాల్నా? ఉండాల్సిన ధర సదివినం. వచ్చిన ధర సదువలే. దాంట్ల దేవునికి పద్దెనిమిది వేలు ఎక్కువనే పోయినయి.

చెయ్యి ఆగిందా అని అడిగినవు. ఆగలే. మొదాల నెల రోజులు నాకు యాదికుండె, ఇరవై రెండని. పరశురాములు నలభై రెండు చెప్పిండు. టీకొట్టు కాడ నలభై. బ్యాంకుల గుమస్తా నన్నే పిలిచి, మీ లైన్ల నలభై పోయిందట గదా అన్నడు. అందరు నాకే వచ్చి చెప్పవట్టిరి. మనం బాయిల మందు పేలుస్తం. ఆ సప్పుడు ఎటో పోయి గుట్టకు తాకి మల్ల మన మీదికే వస్తది. అప్పుడు ఇంకెవలో పేల్చినట్టే ఉంటది. గట్లనే అయింది. నమ్మితె నమ్ము, లేకుంటె లే.

మందు సంగతి జమున నాకు చెప్పలే, నీకు చెప్పింది. మార్చిల తెచ్చిన. ఒక్క నెలనే ఆలస్యమైంది.

పదిహేను రోజులు సూస్త. ఆమెను పంపు. నా పెండ్లాం నీ ఖాళీ పోర్షన్ నింపుతందుకు లేదు.

తిమోతి

•

కరీంనగర్,
25 ఆగస్టు 2024

అన్నా,

పదిహేను రోజులు దాటాయి. నీకు జవాబు రాయడానికి నాకు మొహం లేకపోయింది. ఎందుకో చెప్తాను. తీరా చదివాక నువ్వు నవ్వుతావు, నవ్వే హక్కు నీకుంది.

వదిన మొదటి వారం పడుకుని లేచింది, పడుకుని లేచింది. రెండో వారానికి దగ్గు తగ్గింది. పొద్దున లేచి కిటికీలు తీసి, "ఇక్కడి గోడలు తెల్లగనే ఉంటయి" అంది. ఇంట్లో పాత కుట్టుమిషన్ తుడిచి నూనె పోసింది. కాలనీ ఆడవాళ్లు ఇద్దరు జాకెట్లు తెచ్చి ఇచ్చారు. నేను లోలోపల గెలిచినట్టు అనుకున్నాను. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

మొన్న గురువారం బ్రోకర్ ఒక జంటను వెంటబెట్టుకొచ్చాడు. అవును, ఇల్లు అమ్మకానికే పెట్టాం. ఏడాదిగా. నీకు కాదని రాశాను. రాసినప్పుడు నిజంలాగే అనిపించింది. 2021లో అరవై ఒకటికి కొన్నాం. ఆ జంట అన్ని గదులూ తిరిగి, ట్యాంకు చూసి, గోడలు తట్టి, నలభై ఎనిమిది అన్నారు.

"రాదండి" అన్నాను.

"మేడమ్, పక్క కాలనీలో ఇదే కొలత నలభై ఆరుకు పోయింది" అన్నాడు బ్రోకర్.

"అది పక్క కాలనీ. ఇది వేరు" అన్నాను.

వదిన హాల్లో కూర్చుని జాకెట్‌కు గుండీలు కుడుతోంది. తల ఎత్తలేదు. సూది మాత్రం ఆగింది. అక్కడితో నేను ఊరుకుంటే బాగుండేది. ఆ అమ్మాయి వదిన వైపు చూసి, "వీరెవరండీ?" అని అడిగింది.

"వెనక పోర్షన్‌లో కిరాయికి ఉంటారు. నెలకు ఎనిమిది వేలు వస్తాయి" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆ మాట నా నోట్లో ఎప్పటి నుంచో తయారుగా ఉన్నట్టు వచ్చింది. ఖాళీ పోర్షన్ అంటే నలభై ఎనిమిది, కిరాయి వచ్చే పోర్షన్ అంటే ఇంకొంచెం. అంత లెక్క నేను ఆ క్షణంలో చేశాను. నా కళ్లముందే కూర్చున్న నా వదినతో చేశాను.

వాళ్లు వెళ్లాక వదిన నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. నీళ్లిస్తే తాగి, "మీ అన్నకు కానుక పుస్తకమున్నది, నీకు నేనున్న" అంది.

"తప్పయింది వదినా, తెలీక అన్నాను."

"తెల్వకనే అంటరు అందరు. మీ అన్న సుత తెల్వకనే చేసిండు." గుండీ పూర్తిగా కుట్టి దారం కొరికింది. "ఎనిమిది వేల ఇంట్ల నేనుండలేను హెప్సీ. నాకంత తాహతు లేదు."

నవ్వుతూనే అంది. శుక్రవారం పొద్దున జాకెట్ల డబ్బులు తీసుకుని బయటికి వెళ్లింది, మధ్యాహ్నానికి గది చూసుకుని వచ్చింది. మూడు వేలు. సుధాకర్ ఆటో మాట్లాడతానంటే వద్దంది. పోయేటప్పుడు గడపలో నిలబడి చెప్పిన మాటలు ఇవి: "మీరు అన్నాచెల్లెండ్లు ఇద్దరు ఇండ్లు కావలి కాయుండ్రి. నేను జర ఊపిరి పీల్చుకుంట. గది ఎక్కడ అని ఆయన అడిగితె చెప్పు. ఇల్లు ఎంతకు పోయింది అని చెప్పబోతె మాత్రం ఇనకు."

నిన్న సుధాకర్ అడిగాడు, ఆ జంటను మళ్లీ పిలవనా, నలభై ఎనిమిదికే ఇచ్చేద్దామా అని. ఇంకొన్నాళ్లు చూద్దాం అన్నాను. ఇంత జరిగాక కూడా అదే అన్నాను. ధరలు ఎందుకు తగ్గవని నీకు ఉత్తరంలో ఎంత బాగా చెప్పాను. అందులో ఒక్క మాట తప్పు లేదు. నాకు అది పనికిరాలేదు, అంతే.

నిన్ను తిట్టడానికి నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. నన్ను తిట్టాలనుకుంటే రాయి.

హెప్సిబా

•

బెల్లంపల్లి
2 సెప్టెంబర్ 2024

చెల్లె,

తిట్టను. ఓపిక లేదు.

పరశురాములు ఇల్లు సాంబయ్యకే పోయింది. పందొమ్మిది. ఎవలకు చెప్పొద్దనుకున్నడు, మనసుల వెట్టుకోలేక నాకొచ్చి చెప్పిండు. చెవిటోనికి చెప్తె బయటికి పోదనుకున్నడు కావచ్చు. బయటికి మాత్రం నలభై ఒకటి అంటుండు. నేను సుత ఎవలకూ చెప్పలే. నీకే రాస్తున్న.

ఆయన తొందరపడ్డడు. ఇంకో రెండేండ్లు ఆగితె వచ్చు. నేను మాత్రం నలభైకి ఒక్క రూపాయి తక్కువ అమ్మ. గీ మాటల మార్పు లేదు, నువ్వు ఎన్ని రాసినా.

నిన్న ఆదివారం ఆరాధన అయినంక కానుక పుస్తకం పాస్టర్ గారి చేతుల వెట్టిన. ఎందుకని అడిగిండు. కండ్లు సరిగ కనబడ్తలేవని చెప్పిన. ఇంట్ల వంట చేసుకుంటున్న, రెండు పూటలు మాడింది. కిటికీకి కట్టిన బట్ట నేనే తడుపుతున్న. పొద్దుగాల తడిపితె పగటీలికి నల్లగయితది. ఇన్నేండ్లు ఆమె దినాం ఎన్నిసార్లు పిండిందో నేను సూడలే.

పై వారం గురువారం ఇంటికి తాళం వేసి బస్సెక్కుతున్న. అమ్మి కాదు, తాళం వేసి. అందరు ఊరికి పోయిండనుకుంటరు.

గది ఎక్కడ? ఒక్కటే గదా, ఇద్దరికి సరిపోతదా? సరిపోకుంటె నేను వరండల పండుకుంట. మెట్లున్నయా? ఉంటె ఎన్ని? ఆమె నాలుగు మెట్లెక్కి ఆగుతది, మల్ల నాలుగెక్కుతది, ఆగినప్పుడు ఎవలన్న వెనక నిలవడాలె. నీళ్లు పైకి వస్తయా, కిందికెళ్లి మోసుకపోవాల్నా? నీళ్లు మోయనియ్యకు అప్పటిదాక.

గురువారం లోపల రాయి.

తిమోతి